ఇరవై ఏళ్ళు కదలని కారు: ముందు ఆగాలి, తర్వాత నడవాలి

బే ఏరియాలో ఉండే తెలుగువాళ్ళలో మిల్పీటస్ గ్రేట్ మాల్ చూడనివాళ్ళు తక్కువ. ఇండియా ప్రయాణం ముందు సూట్‌కేసులు నింపుకునేది అక్కడే కదా! ఆ మాల్ తెరిచింది 1994లో. అంతకు ముందు 1955 నుంచి 1983 దాకా ఆ కప్పు కిందే ఫోర్డ్ కంపెనీ కార్లు తయారు చేసింది. ఉన్నది మిల్పీటస్‌లో అయినా ఆ ప్లాంటు పేరు మాత్రం శాన్ హోసే. ఇటు తూర్పున కూడా ఇదే తంతు. న్యూజెర్సీలో రూట్ వన్ పక్కన ఫోర్డ్ వాళ్ళ మెటుచెన్ ప్లాంటు 2004 దాకా నడిచింది. అది ఉన్నది మాత్రం మన ఎడిసన్‌లో. ఇప్పుడక్కడ దుకాణాలున్నాయి. ఈ రెండూ, మిషిగన్‌లోని డియర్‌బోర్న్, మొత్తం మూడు చోట్ల 1960లలో మస్టాంగ్ కారు తయారయింది.

ఆ కారుని 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనానికి చూపించారు. అప్పటి ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. రెండేళ్ళు తిరక్కుండానే పది లక్షల కార్లు తయారయ్యాయి. అన్ని తయారయ్యాయి కాబట్టే ఇప్పటికీ ఎవరి గరాజులోనో, ఎవరి పెరట్లోనో టార్పాలిన్ కింద ఒకటి కనిపిస్తూ ఉంటుంది. ఈ నెల పాఠం అలాంటి కారు గురించే. ఇరవై, ముప్ఫై ఏళ్ళు కదలకుండా పడి ఉన్న 1966 మస్టాంగ్‌ని ఇంటిల్లిపాదీ కలిసి మళ్ళీ రోడ్డెక్కించాలంటే ఏది ముందు చెయ్యాలి, ఏది తర్వాత చెయ్యాలి, ఎందుకు అన్నది చూద్దాం.

సినిమాల్లో ఉరుములా గర్జించేవి ఎనిమిది సిలిండర్ల మస్టాంగ్‌లు. నేను చెప్పబోయేది ఆరు సిలిండర్లది. 200 ఘనపు అంగుళాల ఇంజను, కాగితం మీద 120 గుర్రాల బలం. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దీన్ని కాస్త చిన్నచూపు చూస్తారు. చూడనివ్వండి. ధర తక్కువ. సిలిండర్లు ఆరూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి రెండు పక్కలా బోలెడు చోటు ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లల చేతులు కూడా ప్రతి భాగానికీ అందుతాయి. ఇంటిల్లిపాదీ చేసే పనికి ఇంతకన్నా మంచి బండి నాకు కనపడలేదు.

బతికించడం వేరు, కొత్తది చెయ్యడం వేరు

ఈ రెంటికీ తేడా మొదటిరోజే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. కొత్తగా చెయ్యడం అంటే కారుని చివరి మేకు దాకా విప్పి, ఒంటి రేకు గీకి, రంగు వేసి, మళ్ళీ కట్టడం. బతికించడం అంటే ఉన్నదాన్ని ఉన్నట్టుంచి, ఆగేట్టు, నడిచేట్టు, వెలిగేట్టు చెయ్యడం. రంగు వెలిసిపోయి ఉంటుంది, సీటు చిరిగి ఉంటుంది, అయినా ఆదివారం ఉదయం పక్క ఊరి దాకా వెళ్ళి రావచ్చు.

మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఈ తేడా బాగా తెలియాలి. పాత సిస్టమ్ చేతికి రాగానే "ఇదంతా పారేసి మొదటినుంచి రాద్దాం" అనే ఉత్సాహవంతుడు ప్రతి టీములోనూ ఒకడుంటాడు. వాడు ప్రాజెక్టు మధ్యలో కంపెనీ మారిపోతాడు. గరాజుల్లోనూ అంతే. అమ్మకానికి వచ్చే పాత కార్ల ప్రకటనలు కొన్ని చదవండి. "విప్పి ఉంది, భాగాలన్నీ పెట్టెల్లో ఉన్నాయి, తీరిక లేక అమ్ముతున్నాం" అని ఎన్ని ఉంటాయో! విప్పడం ఒక వారాంతంలో అయిపోతుంది. కట్టడానికి మూడేళ్ళు. ఈలోపు పిల్లలు కాలేజీకి వెళ్ళిపోతారు, మీకు ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళాల్సి వస్తుంది. పెట్టెల్లో ఉన్న కారుని ట్రక్కు ఎక్కించడం ఎంత కష్టమో ఎక్కించినవాళ్ళని అడగండి.

అందుకని మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఒకటే. ఒకసారి ఒక వ్యవస్థే విప్పాలి, అది పూర్తయ్యేదాకా రెండోదాని మీద చెయ్యి వెయ్యకూడదు. కారు ఎప్పుడూ నాలుగు చక్రాల మీద తోస్తే కదిలే స్థితికి నెలలోపు తిరిగి రావాలి. మా ఆవిడ నెట్‌వర్క్ ఇంజనీరు. ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో లేబుల్ లేకుండా ఊడదీయనివ్వదు. ప్రతి బోల్టూ జిప్ సంచిలోకి, సంచి మీద తారీఖు, ఎక్కడ ఊడదీశామో రెండు మాటలు, ఊడదీసేముందు ఫోనుతో ఒక ఫొటో. ఆవకాయ జాడీలకి కూడా మా ఇంట్లో ఇంత చక్కగా లేబుళ్ళు లేవు.

కొనేముందు రెండు పరీక్షలు

మొదటిది కాగితం. అమెరికాలో 17 అక్షరాల ఏకరూప వాహన సంఖ్య వచ్చింది 1981లో. అంతకు ముందు ఎవరి లెక్క వాళ్ళది. 1966 మస్టాంగ్ నంబరు 6తో మొదలవుతుంది, అది సంవత్సరం. రెండోది అక్షరం: ఎఫ్ అయితే డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్ హోసే అనబడే మిల్పీటస్, టీ అయితే మెటుచెన్ అనబడే ఎడిసన్. తర్వాత 07 అంటే మామూలు రెండు తలుపుల హార్డ్‌టాప్, 08 అంటే టాపు తెరుచుకునేది, 09 అంటే వెనక్కి జారిన కప్పుది. ఆ తర్వాతి అక్షరం ఇంజను. టీ అంటే మన ఆరు సిలిండర్లది. ఈ నంబరు తలుపు మీది రేకు మీదే కాదు, బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు లోపలి రేకు మీద కూడా గుద్ది ఉంటుంది. ఆ గుద్దిన నంబరూ టైటిల్ కాగితం మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే డబ్బు తియ్యండి. టైటిల్ "తర్వాత పంపిస్తాను" అన్నవాడికి మీరు కూడా తర్వాతే వస్తానని చెప్పండి. టైటిల్ లేని కారుకి కాగితాలు పుట్టించే పద్ధతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. కొన్నిచోట్ల అది కారు బాగుచేయడం కన్నా పెద్ద ప్రాజెక్టు.

రెండోది తుప్పు. పైన కనిపించే తుప్పు చూసి భయపడక్కర్లేదు, కనిపించనిదే ఖర్చు. ఈ కారులో అది దాక్కునే చోటు ముందు అద్దం కింద, గాలి లోపలికి పోయే జల్లెడ వెనకున్న రేకు పెట్టె. ఆకులూ మట్టీ అందులో చేరి, తడిసి, లోపలినుంచి తినేస్తాయి. చూడాలంటే స్పాట్ వెల్డింగులన్నీ డ్రిల్ చేసి పైరేకు ఎత్తాలి, కొనేముందు ఎవరూ అలా చెయ్యనివ్వరు. కాబట్టి ఒక చెంబుడు నీళ్ళు అడగండి. ఆ జల్లెడలో నెమ్మదిగా పొయ్యండి. మీ అమ్మాయినో అబ్బాయినో టార్చి ఇచ్చి డాష్‌బోర్డు కింద పడుకోబెట్టండి. నీళ్ళు చక్రాల వెనక నేలమీద పడితే బాగున్నట్టు. లోపల మొహం మీద పడితే ఆ పెట్టె పోయింది, దాంతోపాటు కాళ్ళ కింది రేకు కూడా పోయే ఉంటుంది. చెంబుడు నీళ్ళతో ఇంత కచ్చితమైన టెస్ట్ కేస్ రాయడం మన వృత్తిలో కూడా కష్టం.

బ్రేకులు ముందు ఎందుకు

ఇక అసలు పాఠం. పాత కారు ఇంటికి రాగానే అందరికీ పుట్టే కోరిక ఒక్కటే, ఇంజను స్టార్ట్ చేసి ఆ చప్పుడు వినాలని. ఆ కోరికని రెండు నెలలు వాయిదా వెయ్యండి. ఇంజను ఒకసారి పలికిందంటే "ఒక్కసారి వీధి చివరిదాకా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ ఎవరో ఒకరు సాధారణంగా ఇంటి పెద్దే. పిల్లలు పరిగెత్తుకొచ్చి పక్కసీట్లో కూర్చుంటారు. అప్పుడు ఆ కారు బ్రేకులు ఏ స్థితిలో ఉన్నాయో ఊహించుకోండి.

1966 మస్టాంగ్ ఆరు సిలిండర్ల కారుకి నాలుగు చక్రాలకీ తొమ్మిది అంగుళాల డ్రమ్ బ్రేకులు. మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో ఒకే ఒక పిస్టను కదిలి, ఒకే ఒక గదిలోని ద్రవాన్ని నాలుగు చక్రాలకీ నెడుతుంది. అంటే నాలుగు చక్రాలదీ ఒకటే సర్క్యూట్. ఎక్కడో ఒక రబ్బరు గొట్టం పగిలినా, వెనక ఇనప గొట్టానికి గుండుసూదంత తుప్పు చిల్లు పడినా, ఒత్తిడి మొత్తం అక్కడే పోతుంది, పెడల్ నేలకి తగులుతుంది, నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని మనం మీటింగుల్లో వాడే మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 1967 మోడల్ నుంచి మస్టాంగ్‌కి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది.

పైగా బ్రేకు ద్రవానికి ఒక గుణం ఉంది. మామూలుగా వాడే డాట్ 3 రకం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డబ్బాలోది 205 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన దానికి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. అది మరిగితే ఆవిరి అవుతుంది, ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది, పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఇరవై ఏళ్ళు కదలని కారులో ఆ తేమే గొట్టాలనీ చక్రాల దగ్గరి చిన్న సిలిండర్లనీ లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. రబ్బరు గొట్టాలది ఇంకో మాయ. పైకి నున్నగా ఉంటాయి, లోపల ఉబ్బిపోయి ఉంటాయి. ద్రవం వెళ్తుంది గాని వెనక్కి రాదు. మీరు పెడల్ వదిలినా ఆ ఒక్క చక్రం పట్టుకునే ఉంటుంది.

అందుకని బ్రేకుల విషయంలో "ఇది బాగానే ఉన్నట్టుంది" అనే మాట లేదు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు, మూడు రబ్బరు గొట్టాలు, అన్నీ కొత్తవి. ఇనప గొట్టాలు కూడా మార్చేయండి. రాగి, నికెల్ కలిపిన గొట్టం చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. గొట్టం కొస మాత్రం రెండు మడతలుగా విప్పారాలి, ఒక మడత చాలదు. ఇంత పని ఎలాగూ చేస్తున్నారు కాబట్టి 1967 డ్రమ్ బ్రేకుల మస్టాంగ్ మాస్టర్ సిలిండర్ వేసెయ్యండి. అదే చోట బిగుస్తుంది, గొట్టాల అమరిక మార్చుకోవాలి. కారు అచ్చంగా 1966లో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టే పెద్దలు దీనికి ఒప్పుకోరు. వాళ్ళ కారులో వాళ్ళ పిల్లలు కూర్చుంటారు, నా కారులో నా పిల్ల కూర్చుంటుంది.

పిల్లల్ని డ్రమ్ములు విప్పే రోజు మాత్రం దూరంగా ఉంచండి. ఆ కాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, డ్రమ్ములోని దుమ్ము అదే. కంప్రెసర్ గాలి కొట్టకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు. మాస్కు పెట్టుకుని, తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారెయ్యాలి. అలాగే పాత రంగుని పొడిగా గీకనివ్వకండి, అందులో సీసం ఉండవచ్చు. కారు కిందికి వెళ్ళే ముందు చదునైన కాంక్రీటు మీద జాక్ స్టాండ్లు పెట్టి, కారుని ఒకసారి భుజంతో గట్టిగా తోసి చూడండి. జాకు ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఉత్త జాకు మీద ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు.

అన్నీ బిగించాక గొట్టాల్లో గాలి తియ్యాలి. ఇది ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు వింటూ చెయ్యాల్సిన పని. అందుకే నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. మా మామగారు పెడల్ దగ్గర, మా అమ్మాయి చక్రం దగ్గర. "తాతయ్యా, తొక్కండి!" "తొక్కానమ్మా, పట్టుకున్నా." అప్పుడు చిన్న నట్టు పావుచుట్టు తిప్పితే పారదర్శకమైన గొట్టంలోంచి బుడగలతో ద్రవం సీసాలోకి వస్తుంది. నట్టు బిగించాకే "వదలండి" అనాలి. ముందే అంటే గాలి వెనక్కి వెళ్ళిపోతుంది. పది నిమిషాలకొకసారి మాస్టర్ సిలిండర్‌లో ద్రవం తగ్గకుండా నింపాలి. ఆ పని మా ఆవిడది, ఆవిడ దాన్ని మానిటరింగ్ అంది. ఫోను చేతిలో పట్టుకుని చెయ్యలేని పని ఇది. పద్నాలుగేళ్ళ పిల్లా డెబ్భై దాటిన తాతా ఒక గంటసేపు ఇంకో ప్రపంచం లేకుండా మాట్లాడుకోవడం ఈ దేశంలో ఎంత అరుదో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంజనుని నిద్రలేపడం

బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం నిద్రలేపడం కాదు, చెంప మీద కొట్టడం. సిలిండర్ గోడల మీద నూనె ఏనాడో జారిపోయింది. పిస్టను రింగులు గోడకి అతుక్కుని ఉండవచ్చు. స్టార్టరు మోటారు బలవంతాన తిప్పితే రింగు విరుగుతుంది. ఆరు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పల్చటి నూనె పోసి, వారం వదిలెయ్యండి. తర్వాత ముందువైపు క్రాంక్ బోల్టుకి పొడవాటి స్పానర్ వేసి చేత్తో తిప్పండి. కదలకపోతే ఇంకో వారం. ఇక్కడ ఓపికే పనిముట్టు.

కదిలాక పాత నూనె తీసి కొత్తది పోసి, స్టార్ట్ చేసేముందే నూనె ఒత్తిడి పుట్టించవచ్చు. ఈ ఇంజనులో నూనె పంపుని తిప్పేది డిస్ట్రిబ్యూటర్ కింది కడ్డీ. డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి, ఆ కడ్డీని డ్రిల్‌తో మాన్యువల్ చెప్పిన దిశలో తిప్పితే పైనున్న రాకర్ల దాకా నూనె పాకడం కళ్ళారా చూడవచ్చు. కడ్డీ ఇంజను లోపలికి జారిపోకుండా జాగ్రత్తపడండి. తర్వాత ప్లగ్గుల చోట గేజి పెట్టి కంప్రెషన్ కొలవండి. ఆరింటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చినది, ఎక్కువ వచ్చినదానిలో 75 శాతానికి తగ్గకపోతే పని కానివ్వచ్చని మామూలు లెక్క. పిల్లల చేత ఆ ఆరు అంకెలూ నోటుబుక్కులో రాయించండి. నెల తర్వాత మళ్ళీ కొలిస్తే అతుక్కున్న రింగులు విడివడి అంకెలు పెరగడం చూడవచ్చు.

పెట్రోలు సంగతి క్లుప్తంగా. ట్యాంకులో ఉన్నది పెట్రోలు కాదు, వార్నిష్. తెచ్చిన రోజే తీసెయ్యండి. మొదటి స్టార్టుకి పడవలకి వాడే చిన్న ట్యాంకు పక్కన పెట్టుకుని దాన్నుంచి గొట్టం వెయ్యండి. ఇప్పటి పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరుని పాడుచేస్తుంది, కాబట్టి ఇంధన గొట్టాలన్నీ దానికి తట్టుకునే కొత్తవి వెయ్యాలి. అమెరికా రోడ్ల మీద సీసం కలిపిన పెట్రోలు 1996లో పూర్తిగా నిషేధమైంది. ఆ సీసం వాల్వు సీట్లకి రక్షణగా ఉండేది. నెమ్మదిగా నడిపే ఆదివారపు కారుకి దీనితో తక్షణ ప్రమాదం లేదు. ఎప్పుడైనా సిలిండర్ హెడ్ విప్పాల్సి వస్తే గట్టి సీట్లు వేయించుకోండి. పాత కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లలూ నాకితే ప్రాణం మీదికి వస్తుంది. నేలమీద ఒక్క చుక్క ఉండనివ్వకండి.

కరెంటు పనికి ఒక చిట్కా. పాత తీగల్ని ఎలుకలు కొరికి ఉంటాయి. బ్యాటరీ నేరుగా కలిపితే పొగ వచ్చాకే తెలుస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీగకి వరసలో ఒక హెడ్‌లైటు బల్బు కలపండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే తీగ కాలదు, బల్బు వెలుగుతుంది. ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ పోతే ఏది తీసినప్పుడు బల్బు ఆరిందో ఆ దారిలో దొంగ ఉన్నాడు. లీనియర్ సెర్చ్ నేర్పడానికి మా అమ్మాయికి ఇంకో ఉదాహరణ అవసరం రాలేదు.

తాతగారి ప్లాటినం

గుంటూరులో పాతికేళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి మా మామగారు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గాని, ఆ కారు నేర్పిన విద్య ఆగలేదు. విజిటర్ వీసా మీద వచ్చి టీవీ ముందు కూర్చుని "ఇక్కడ మాకేం తోస్తుంది" అనుకునే తాతయ్యలు మీ ఇంట్లోనూ ఉంటే, ఈ అధ్యాయం వాళ్ళకి అప్పజెప్పండి. ఆయన బానెట్ అంటారు, మనవరాలు హుడ్ అంటుంది. ఆయనది డిక్కీ, ఆమెది ట్రంక్. ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రెండు చిన్న లోహపు బొడిపెలు కనిపిస్తాయి. మన మెకానిక్కులు ప్లాటినం అనేవి అవే. అవి కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం పుడుతుంది. విడిపోయిన క్షణంలో ఆ క్షేత్రం కూలి, వేల వోల్టులుగా మారి ప్లగ్గు దగ్గర మెరుపు అవుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజనులో ఈ కలవడం, విడిపోవడం సెకనుకి 150 సార్లు. ఏ ప్రాసెసరూ లేదు, ఒక చిన్న ఆరు మూలల కామ్, ఒక స్ప్రింగు అంతే. ఆ బొడిపెలు పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య సందు 0.025 అంగుళం ఉండాలని మాన్యువల్ అంటుంది. సందు ఎక్కువైతే కలిసి ఉండే సమయం తగ్గి మెరుపు బలహీనపడుతుంది, తక్కువైతే బొడిపెలు కాలిపోతాయి.

మా అమ్మాయి ఫీలర్ గేజి కోసం వెతుకుతోంటే ఆయన రంపం బ్లేడు ముక్క అడిగారు. మామూలు హ్యాక్‌సా బ్లేడు మందం సుమారు 0.025 అంగుళమే. బ్లేడుతో ఆయన సర్దాక ఫీలర్ గేజి పెట్టి చూశాం, సరిగ్గా పట్టింది. ఇంజను మీద ఏ ప్లగ్గు ఎప్పుడు వెలగాలో వరస 1, 5, 3, 6, 2, 4. అది మా అమ్మాయి గరాజు గోడ మీద సుద్దతో రాసింది. తీగలు ఆ వరసలోనే పెట్టాలి. రెండు తారుమారైతే కార్బురేటర్ లోంచి తుపాకీ పేలినట్టు వినపడుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి బాగా అర్థమయ్యే చిక్కు ఒకటుంది. ఆనాటి ఆరు సిలిండర్ల మస్టాంగ్‌లలో చాలావాటికి డిస్ట్రిబ్యూటర్ లోడ్‌ఓమాటిక్ అనే రకం. వేగం పెరిగేకొద్దీ మెరుపు కాస్త ముందుగా రావాలి. మిగతా కార్లలో ఆ పని గుండ్రంగా తిరిగే బరువులు చేస్తాయి. ఇందులో బరువులు లేవు, అంతా కార్బురేటర్ నుంచి వచ్చే వాక్యూమ్ మీదే ఆధారపడుతుంది. ఆ సంకేతం సరిగ్గా పంపడానికి ఆటోలైట్ 1100 కార్బురేటర్‌లో ప్రత్యేకమైన వాల్వు ఒకటి ఉంటుంది. అంటే ఈ రెండూ జంట. ఎవరో చెప్పారని కార్బురేటర్ ఒక్కటే వేరే రకం వేస్తే డిస్ట్రిబ్యూటర్‌కి తప్పుడు సంకేతం వెళ్తుంది. కారు స్టార్ట్ అవుతుంది, మెల్లగా నడుస్తుంది, ఎత్తు ఎక్కమంటే ఎక్కదు. మారిస్తే రెండూ కలిపి మార్చాలి, లేకపోతే రెండూ ఉంచుకుని శుభ్రం చేసుకోవాలి. రీప్రింటు వేసిన ఫోర్డ్ షాప్ మాన్యువల్ కొనుక్కోండి. స్పానర్ల కన్నా ముందు కొనాల్సింది అది.

స్టార్ట్ చేసే రోజు గరాజు తలుపు పూర్తిగా ఎత్తి, కారు బయటికి తోసి, అగ్నిమాపక సిలిండర్ చేతికందేట్టు పెట్టుకుని చెయ్యండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు.

ఎవరు ఎక్కవచ్చు

ఈ కారులో పిల్లల్ని ఎక్కించే ముందు దాని ఒళ్ళు ఎలా కట్టారో తెలుసుకోవాలి. డిక్కీ నేల అనుకుంటున్న రేకు నిజానికి పెట్రోలు ట్యాంకు పైభాగమే. పదహారు గ్యాలన్ల ట్యాంకు అది. వెనక సీటుకీ డిక్కీకీ మధ్య ఇనప గోడ లేదు, అట్ట లాంటి పలక ఉంటుంది. వెనకనుంచి గట్టిగా గుద్దితే ఏమవుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. సీటు వెనక బిగించే ఉక్కు పలకలు దొరుకుతాయి, వేసుకోండి. బెల్టులు నడుముకే, భుజానికి లేవు. సీట్ల వెనక తలకి ఆసరా లేదు. స్టీరింగ్ కడ్డీ ముందునుంచి దెబ్బ తగిలితే ముడుచుకునే రకం కాదు, అది మస్టాంగ్‌కి తర్వాత వచ్చింది. ముందు సీట్లకి మూడు చోట్ల పట్టే బెల్టులు కప్పు పక్కన గట్టి ఆధారం వేయించి బిగించుకోవచ్చు.

అందుకే మా ఇంట్లో తీర్మానం ఇది. చిన్నపిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టం. హైవే ఎక్కం. మా అమ్మాయి పదహారు నిండగానే "ఇది నాదే కదా" అంది. బోల్టు బోల్టూ తనదే, కాదనలేను. కాని రోజూ స్కూలుకి నడిపే మొదటి కారు ఇది కాదని ఇంట్లో నలుగురమూ అన్నాం, తాతగారితో సహా. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, పదేళ్ళు కూడా నిండని ఎయిర్‌బ్యాగుల కారు ఏది దొరుకుతుందో ఆమే వెతకడం మొదలుపెట్టింది. ఇన్సూరెన్సు విషయంలో కూడా జాగ్రత్త. పాత కార్లకి ముందే ఒప్పుకున్న విలువకి ఇచ్చే పాలసీలు చవక. కాని తిరిగే మైళ్ళ మీదా, నడిపేవాళ్ళ అనుభవం మీదా షరతులుంటాయి, చదివి సంతకం పెట్టండి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు అసలు మొదలుపెట్టే ముందే లీజు చదవండి. పార్కింగ్ స్థలంలో కారు విప్పకూడదని చాలావాటిలో ఉంటుంది.

మొదటి ప్రయాణం

టైర్లు ఎంత నున్నగా, నల్లగా ఉన్నా తారీఖు చూడండి. 2000 నుంచి టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 3207 అంటే 2007లో 32వ వారం. మూడంకెలే ఉంటే అంతకు ముందువి, చూసిన వెంటనే తీసెయ్యండి. ఆరు సిలిండర్ల కారు చక్రాలకి నాలుగు నట్లు, ఎనిమిది సిలిండర్ల దానికి అయిదు. చక్రాలు కొనేటప్పుడు ఇది మర్చిపోకండి.

ఇంటిముందు దారిలోనే పది అడుగులు ముందుకి, ఆపాలి. పది అడుగులు వెనక్కి, ఆపాలి. పెడల్ ఎంత దిగిందో కాలితో గుర్తుపెట్టుకోవాలి. దిగి నాలుగు చక్రాల లోపలివైపూ కాగితం పరిచి తడి ఉందేమో చూడాలి. తర్వాత వీధి చుట్టూ ఒక చుట్టు, ఎవరూ పక్కన లేకుండా. రాగానే నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి కాస్త దూరంగా పెట్టి వేడి పోల్చి చూడాలి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలిపోతుంటే ఆ బ్రేకు వదలడం లేదు, రెండో చుట్టు తిరగకుండా విప్పాలి. అంతా సమంగా ఉంటే మర్నాడు రెండు మైళ్ళు, వారానికి పది మైళ్ళు. ఇంజను వేడెక్కి చల్లారాక ప్రతిసారీ కూలెంటు, నూనె, బ్రేకు ద్రవం, మూడు మట్టాలూ నోటుబుక్కులో రాయాలి. యాభై మైళ్ళు తిరిగాక చక్రాల నట్లన్నీ టార్క్ రెంచితో మళ్ళీ బిగించాలి. మా ఇంట్లో ఆ రెంచి మా అమ్మాయి దగ్గర ఉంటుంది, నేను అడిగి తీసుకోవాలి.